ఒక్క నల్ల గోలీ

"ఒక్క నల్ల గోలీ పడితే చాలు. ఇల్లు మీకే ఉంటుంది," అన్నాడు ప్రెంటిస్.

విద్యార్థి సంఘం సభ్యులు కలిసి ఉండే ఇంటి హాల్లో కుర్రాళ్ళంతా నిలబడి వింటున్నారు. ప్రెంటిస్ కేంద్ర కార్యాలయం నుంచి రాత్రంతా రైల్లో వచ్చిన పెద్దమనిషి. ఒంటిమీది కోటు కూడా విప్పలేదు. ఇదెంతసేపు పనిలే అన్నట్టు.

వీళ్ళు చేసిన నేరం ఒక్కటే. ఒహాయోలోని ఈ కాలేజీ ఊళ్ళో, 1954 సెప్టెంబరులో, అందరూ చేతులెత్తి ఎలిస్ టాలివర్ని సభ్యుడిగా చేర్చుకున్నారు. ఎలిస్ నల్లవాడు. దేశమంతా శాఖలున్న ఆ సంఘంలో అలాంటివాడు ఒక్కడూ లేడు. కేంద్రం ఉలిక్కిపడింది. చేతులెత్తడం చెల్లదు, పెట్టె ఓటు పెట్టండి అంది. ఎలిస్ పేరు కొట్టేస్తే సరే. లేదంటే శాఖ నడుపుకోమని కేంద్రం ఇచ్చిన పట్టా రద్దు. పట్టా పోతే యూనివర్సిటీ గుర్తింపు పోతుందని డీన్ ముందే చెప్పేశాడు. గుర్తింపు పోతే ఈ మూడంతస్తుల ఇల్లు శనివారానికల్లా ఖాళీ చెయ్యాలి.

"ఓటు రహస్యం," అన్నాడు ప్రెంటిస్. "ఎవరు వేశారో నాకూ తెలీదు, మీకూ తెలీదు. రేపు ఎవరూ ఎవర్నీ తప్పుపట్టక్కర్లేదు."

"అంటే చీకట్లో పొడవమంటున్నారు," అన్నాడు రస్ హేవర్‌క్యాంప్. శాఖ ప్రెసిడెంటు. పందులు పెంచే రైతు కొడుకు. నోట్లోంచి మెత్తటి మాట రాదు.

"రూలు పాటించమంటున్నాను బాబూ. ఆ బూట్లేంటి, తివాచీ నిండా నీళ్ళు?"

"పొద్దున్నే వాగు దాకా నడిచొచ్చాను సార్. తివాచీ ఇంకా మాదే. శనివారం దాకా."

హాలంతా గొల్లుమంది.

రూలు పాతది. వెనక గదిలో బల్లమీద గిన్నెలో తెల్లవీ నల్లవీ గోలీలు పోసి పెడతారు. పక్కన కన్నమున్న చెక్కపెట్టె. ఒక్కొక్కడూ లోపలికెళ్ళి, తలుపేసుకుని, ఒక గోలీ పెట్టెలో వేసి రావాలి. నల్లది ఒక్కటి పడినా సరే, ఆ మనిషి పని అయిపోయినట్టే. గిన్నె సర్దిపెట్టడం, పెట్టె కాయడం ప్రెసిడెంటు పని. ఈ ఏర్పాటు కనిపెట్టినవాడెవడో గానీ, పిరికివాళ్ళ మనసు బాగా తెలిసినవాడు.

ఓటు ఎవరిమీదో వాడు ఇంట్లో ఉండకూడదు. ఎలిస్ బయట మెట్లమీద కూర్చున్నాడు. రస్ వెళ్ళి పక్కన నిలబడ్డాడు.

"విన్నావా బ్రదర్?" అన్నాడు ఎలిస్. "ఒక్క నల్లది పడితే ఇల్లు నిలబడుతుందట. నిన్నటిదాకా ఒక్క నల్లాడి వల్లే కూలిపోతోందన్నారే!"

రస్ నవ్వాడు. ఎలిస్ నవ్వలేదు.

"మొన్న చేతులెత్తారంటే ఒకడి మొహం ఒకడు చూసుకుంటూ ఎత్తారు. ఇవాళ తలుపేసుకుంటారు. డెల్బర్ట్ వాళ్ళ నాన్న ఈ ఇంట్లో ఉన్నాడు, తాత ఈ ఇంట్లో ఉన్నాడు. వాడు వేస్తాడ్రా."

"ఎవడూ వెయ్యడు."

"వాళ్ళమీద అంత నమ్మకమా నీకు?"

"కాలరు పైకి లాక్కో. చలిగా ఉంది," అని రస్ లోపలికి వెళ్ళిపోయాడు.

ఓటు మొదలైంది. లావుపాటి గస్ ఎంత వేగంగా వెళ్ళాడో అంత వేగంగా వచ్చాడు. వస్తూనే మూతికి గుడ్డ అడ్డం పెట్టుకుని తెగ దగ్గాడు. తర్వాతివాడు ఈల వేసుకుంటూ వచ్చాడు. ఇంకొకడు తల దించుకుని వచ్చాడు.

డెల్బర్ట్ మాత్రం లోపల చాలాసేపు ఉన్నాడు. గిన్నెలో గోలీలు కదిపిన చప్పుడు తలుపు దాటి వినిపించింది. ఆగింది. మళ్ళీ వినిపించింది. బయటికొచ్చేసరికి వాడి చెవులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. రస్ మొహంలోకి చూశాడు. నోరు తెరిచాడు. వరసలో నిలబడ్డవాళ్ళంతా వాడినే చూస్తున్నారు.

"ఏంట్రా, ఏమన్నా కావాలా?" అన్నాడు రస్.

"ఏం లేదు."

ప్రెంటిస్‌కి అది చాలు. హాయిగా చుట్ట వెలిగించుకున్నాడు.

అందరి వంతూ అయ్యాక రస్ పెట్టె తెచ్చి బల్లమీద బోర్లించాడు. గోలీలు దొర్లాయి. తెల్లవి. అన్నీ తెల్లవే. ప్రెంటిస్ పెట్టెను తిరగేసి కుదిపాడు. లోపల వేలు పెట్టి చూశాడు. చుట్ట ఆరిపోయింది.

"మీకేమన్నా పిచ్చా? ఒక్కడి కోసం ఇంత ఇల్లు వదులుకుంటారా?"

"కేకలెందుకు సార్? పెట్టె ఓటు పెట్టమన్నారు, పెట్టాం."

గస్ గోడమీది పట్టా దించి ఆయన చేతిలో పెట్టాడు. "మేకు కూడా పీకివ్వమంటారా?"

శనివారం దాకా ఎవడుంటాడు? ఆ మధ్యాహ్నమే సామాను రోడ్డుమీదికి వచ్చింది. మంచాలు, పియానో, అంచులు విరిగిన పళ్ళేలు. టైర్ల కొట్టు మీది రెండు గదులు అద్దెకు దొరికాయి. పక్క సంఘాల కుర్రాళ్ళు వరండాల్లో నిలబడి గుడ్లప్పగించి చూస్తున్నారు. ఇంటి నుదుట సంఘం పేరుగా ఉన్న గ్రీకు అక్షరాల దగ్గరికి నిచ్చెన వేసుకుని ఎక్కింది ఎవరనుకున్నారు? డెల్బర్టే.

"వాళ్ళు పీకేదేంటి? మా అక్షరాలు మేమే పీక్కుంటాం!" అని అరిచాడు. ప్రెంటిస్ టాక్సీ కదులుతుంటే ఇంకా గట్టిగా అరిచాడు. "చూశావుగా పెద్దమనిషీ! ఒక్కటి చూపించు, మా పెట్టెలో ఒక్క నల్లది చూపించు!"

ఎలిస్ పియానో వదిలేసి రస్ దగ్గరికి వచ్చాడు.

"నిజం చెప్పు. ఒక్కటీ పడలేదా?"

"ఒక్కటీ పడలేదు."

"డెల్బర్ట్ కూడానా?"

"వాడి గొంతు వినపడట్లేదా నీకు?"

ఎలిస్ వెళ్ళి, ఊగుతున్న నిచ్చెనని రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు.

గిన్నెలో ఉండాల్సిన నల్ల గోలీలన్నిటినీ రస్ పొద్దున్నే వాగులో పారబోసి వచ్చాడు, అవేమయ్యాయని ఆ గదిలోకి వెళ్ళొచ్చినవాళ్ళలో ఒక్కడూ అడగలేదు.