ఒరలో రెండు జాబితాలు

మేనేజరు ఆ రోజు కూడా ఇవ్వడానికి ఉద్యోగం లేకుండానే ఇంటర్వ్యూలు పెట్టాడు.

ఇది అతని సొంత తెలివి. కంపెనీ తయారుచేసే యాప్‌లో ఏదైనా చిక్కు వస్తే ఆఫీసులో ఎవరినీ అడగడు. అడగడానికి పెద్దగా ఎవరూ మిగల్లేదు కూడా, అది వేరే సంగతి. "అనుభవం గల ప్రోగ్రామర్లు కావలెను" అని ఒక ప్రకటన పడేస్తాడు. వచ్చినవాళ్ల ముందు ఆ చిక్కునే పరీక్ష అని పెడతాడు. ఎవరో ఒకరు విప్పుతారు. వాళ్లకి ఒక కప్పు కాఫీ పోసి, "మేం కబురు చేస్తాం" అని సాగనంపుతాడు. ఆ కబురు ఇంతవరకు ఏ ఇంటి గడపా తొక్కలేదు.

ఈసారి చిక్కు పరుపుల దుకాణం యాప్‌లో వచ్చింది. పేజీలో పైన పరుపు బొమ్మ, మధ్యలో కొన్నవాళ్ల అభిప్రాయాల పెట్టె, అడుగున 'కొనండి' అనే బటన్. పేజీని వేలితోనే జరపాలి, పెట్టెలో అభిప్రాయాలనీ వేలితోనే జరపాలి. వేలు పెట్టె మీద పడిందా, అభిప్రాయాలు జరుగుతాయి, పేజీ జరగదు. పెట్టేమో తెరంతా పరుచుకుని కూర్చుంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టు, పేజీ కదులుదామన్నా పెట్టె కదలనివ్వదు. జనం అభిప్రాయాలు చదివీ చదివీ, పరుపు కొనకుండానే నిద్రపోతున్నారు.

సాయంత్రం దుకాణం వాళ్లొచ్చి చూస్తారు. కంపెనీ యజమాని కూడా ఉంటాడు. అది సవ్యంగా గట్టెక్కితే, కొన్నాళ్లుగా ఖాళీగా ఉన్న చివరి గదిలోని పెద్ద కుర్చీ, అంటే తన పై అధికారి కుర్చీ, ఇక తనదేనని మేనేజరు ధీమా. ఆ ధీమాతో భార్యకి చెప్పాడు. ఆవిడ వాళ్లక్కకి చెప్పింది. అక్కకి చెప్పాక ఇక చెప్పాల్సినవాళ్లెవరూ ఊళ్లో మిగల్లేదు. ఇప్పుడా కుర్చీ రాకపోతే తోడల్లుడి ముందు తలెత్తుకోవడం ఎలా అన్నదే అతని దిగులంతా.

పొద్దున వచ్చినతను అభిప్రాయాలనే పీకేశాడు. పేజీ హాయిగా జరిగింది.

"తలనొప్పని తల తీసేస్తావా నాయనా?" అన్నాడు మేనేజరు. అతనికి కాఫీ కూడా దక్కలేదు.

రెండో అతను పెట్టెని అగ్గిపెట్టెంత చేశాడు. అందులో ఒక్కో అభిప్రాయంలో సగం మాత్రమే కనిపించింది. అతనికి సగం కప్పు పోశారు.

మధ్యాహ్నం రిసెప్షనిస్టు తలుపు తీసి తొంగిచూసింది. "సార్, ఒకావిడ వచ్చారు. పెద్దాయన పంపించారట."

పెద్దాయనంటే యజమాని. మేనేజరుకి నవ్వొచ్చింది. సిఫారసు కేసన్నమాట. ఏ చుట్టాలమ్మాయో, చుట్టాలకి చుట్టాలమ్మాయో అయ్యుంటుంది.

ఆవిడకి నలభై ఉంటాయి. బయోడేటా తేలేదు. కూర్చోమనకుండానే కూర్చుంది.

"ఇదిగోనమ్మా, ఈ పేజీ అడుగుదాకా దిగాలి. అంతే పరీక్ష."

ఆవిడ వేలితో రెండుసార్లు జరిపి చూసింది. "ఇలా కట్టమన్నది ఎవరండీ?"

"ఇంకెవరు, నేనే. పరీక్ష కోసమని కావాలనే తప్పు పెట్టించాను."

"ఓహో. మొన్న పరుపు కొందామని నా ఫోన్లో చూస్తే అక్కడా ఇలాగే ఉంది."

మేనేజరు దగ్గాడు.

"మీరైతే దీన్నెలా సరిచేస్తారు?" అంది ఆవిడ.

"నేనే చెప్పేస్తే ఇక మీకు పరీక్షేముందమ్మా?"

"అదీ నిజమే. ఇంతకుముందు వచ్చినవాళ్లలో ఎంతమందిని తీసుకున్నారు?"

"చూస్తున్నామమ్మా. మంచివాళ్లు దొరకొద్దూ?"

ఇంటర్వ్యూకొచ్చి ఇన్ని ప్రశ్నలడిగేవాళ్లకి ఉద్యోగాలు రావని ఈవిడకెవరూ చెప్పినట్టు లేదని మనసులోనే జాలిపడ్డాడు.

ఆవిడ కంప్యూటరు ముందుకి జరిగింది. మేనేజరు ముందున్న కాఫీ చల్లారేలోపు పేజీ కదిలింది. పరుపు బొమ్మ పైకి వెళ్లింది, అభిప్రాయాలు వచ్చాయి, అవీ వెళ్లాయి. అడుగున 'కొనండి' కనిపించింది. మేనేజరుకి ప్రాణం లేచొచ్చింది. తోడల్లుడి మొహం కూడా కళ్ల ముందు మెదిలింది, కాస్త వాడిపోయి.

"ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు కదండీ," అంది ఆవిడ. "పేజీ జరుగుతుంటే లోపలి జాబితా కూడా నేనూ జరుగుతానంటే ఎలా? దాని కదలిక తీసేశాను. ఇప్పుడు పేజీ అంతా ఒకటే జాబితా, అభిప్రాయాలు అందులో కొన్ని వరసలు. తక్కినవి 'ఇంకా చూడండి' వెనక పెట్టాను. ఎవరో ఒకరు తగ్గాలి, తప్పదు."

"నేననుకున్నదీ అదే," అన్నాడు ఏమీ అనుకోని మేనేజరు. తర్వాత అలవాటైన మాట అలవాటుగా అనేశాడు. "మేం కబురు చేస్తాం."

"అలాగేనండీ," అని ఆవిడ నవ్వింది. గుమ్మం వైపు కాకుండా లోపలి వరండాలోకి తిరిగింది. చేతులు కడుక్కోవడానికేమో అనుకున్నాడు మేనేజరు.

సాయంత్రం సొమ్మొకడిది సోకొకడిది అన్న సామెతని ఆఫీసంతా కళ్లారా చూసింది. మేనేజరు వేలు ఆడించాడు, పేజీ ఆడింది. దుకాణం వాళ్లు మురిసిపోయారు.

"తిండీ నిద్రా మానేసి కూర్చున్నానండీ," అన్నాడు వినయంగా.

యజమాని అతని భుజం తట్టాడు. "చూశానయ్యా. ఒకసారి ఆ చివరి గదిలోకి వెళ్లు."

మేనేజరు వరండాలోనే ఆగి, "కుర్చీ మనదే, అక్కకి చెప్పెయ్" అని భార్యకి మెసేజ్ పెట్టాడు. కాలరు సర్దుకున్నాడు. జుట్టు సవరించుకున్నాడు. తలుపు తోశాడు.

పెద్ద కుర్చీలోంచి ఆవిడ తలెత్తి, "రండి, నేనడగాల్సినవన్నీ మధ్యాహ్నమే అడిగేశాను, మిమ్మల్ని ఉంచుకోవాలో వద్దో మేం కబురు చేస్తాం" అంది.