వీపు మీద గంప

మునియమ్మాళ్ చెత్తగంపను వీపుకు వేసుకొని వీడియో క్లాసు కెమెరాకు అడ్డంగా నడిచిపోయింది.

తెరమీద, శ్రీలంక కొండల్లోని బడిపిల్లలు ఒక్కసారిగా లేచి నిలబడినారు. ఆమెవైపు వేలెత్తి చూపించి ఏదో అరిచినారు.

సరిగ్గా అప్పుడే శబ్దం తెగిపోయింది.

ఇక్కడ తమిళనాడులోని రాజపాళయంలో తొమ్మిదో తరగతి పిల్లలు ఘొల్లున నవ్వినారు.

సోషల్ టీచర్ యువశ్రీ ముఖం కందిపోయింది.

"ఏం మునియమ్మా, క్లాసు జరిగేది కనబడదా?"

"వరండా ఊడుస్తాంటి టీచరమ్మా. పెట్టెలో కొండ కనబడె. అట్లే లోపలికి వస్తిని."

"కొండ చూడాలంటే బయటికి పో. ఊరి పక్కనే ఉంది కదా!"

పిల్లలు మళ్ళీ నవ్వినారు. మునియమ్మాళ్ కదల్లేదు.

"ఆ బిడ్డల్ని ఒక్క మాట అడగనా?"

"ఏమని?"

"ఆడ వాన పడతాందా అని."

"పో ముందు!"

ఆమె నెత్తిమీద తాడు సర్దుకొని వెళ్ళిపోయింది.

ఎవరైనా గంపను చంకన పెట్టుకుంటారు, లేదంటే తలకెత్తుకుంటారు. ఈమె మాత్రం గంపకు తాడు కట్టి, ఆ తాడును నడినెత్తిన వేసుకొని, గంపను వీపుకు వేలాడేసుకుంటుంది. తాడు ఆనే చోట వెంట్రుకలు గీత గీసినట్టు అరిగిపోయినాయి. పిల్లలు ఆమెకు పెట్టిన పేరు గంప పాట్టి, అంటే గంప అవ్వ.

ఆ సాయంత్రం యువశ్రీ హెడ్మాస్టర్ సీతారామన్ దగ్గరికి పోయింది.

"పరాయి దేశం పిల్లల ముందర మానం పోయింది సార్. మనల్ని చూసి ఎట్లా అరిచినారో!"

"ఊడ్చేవాళ్ళను పెట్టే కాంట్రాక్టర్‌తో చెబుతానమ్మా."

సోమవారం నుంచి మునియమ్మాళ్ రాలేదు.

క్లాసు సమయంలో రాకుండా ఉంటే చాలునని యువశ్రీ అనుకున్నది. పని నుంచే తీసేస్తారనుకోలేదు. అయినా ఎవరినీ అడగలేదు.

ఆమె చింత వేరే ఉంది.

రెండు బడులూ ఏడాదంతా కలిసి చదివింది ఒకే పాఠం. ఇక్కడినుంచి సిలోన్ తేయాకు తోటలకు పోయిన కూలీల కథ. తరతరాలు అక్కడే ఉన్నాక, ఓడలెక్కించి తిరిగి పంపేసిన వాళ్ళ కథ. పుస్తకంలో ఆకు గిల్లే చేతుల బొమ్మ ఒక్కటే ఉంది.

చివరి క్లాసుకు అటునుంచి అక్కడే ఉండిపోయిన మనిషి ఒకరు రావాలి. ఇటునుంచి ఓడెక్కి వచ్చిన మనిషి ఒకరు రావాలి.

అటు తంగమ్మాళ్ పాట్టి ఎప్పుడో సిద్ధం. గుండె జబ్బు మనిషి. ఆమె అడిగింది ఒక్కటే: "పోయినోళ్ళలో ఒక్క ముఖం చూపించండి. బతికి బాగుండారో లేదో తెలుసుకోవాల."

అట్లా వచ్చినోళ్ళు పనికి కుదిరిన నూలు మిల్లులన్నీ యువశ్రీ తిరిగింది. చోళపురం పోయింది, తళవాయిపురం పోయింది. కొందరు చనిపోయినారు. కొందరు నీలగిరికి పోయినారు.

ఒక ఇంట్లో కొడుకు తలుపు సగమే తెరిచినాడు.

"అప్పా పోయి మూడేండ్లాయె టీచర్. సిలోన్‌కారన్, సిలోనోడు అని ఊరంతా ఎగతాళి. వచ్చినోళ్ళు ఎవరూ నోరు తెరిచి చెప్పుకోరు."

ఆఫీసు క్లర్కు మహేంద్రన్ ఒక మాట చెప్పినాడు.

"మునియమ్మాళ్‌ను అడిగితే ఏం? కూలివాళ్ళ వీధులన్నీ ఆమెకు తెలుసు."

"ఆమె మన మాదిరి తెలుగు మాట్లాడే మనిషి సార్. సిలోన్‌నుంచి వచ్చినోళ్ళంతా తమిళంవాళ్ళు. ఆమెకేం తెలుస్తుంది?"

"అదీ సరే," అన్నాడు మహేంద్రన్. ఆయన ఇంట్లోనూ తెలుగే.

చివరి క్లాసు రోజు వచ్చింది. మునియమ్మాళ్ బదులు కొత్తగా ఊడ్చే జెన్సి గంపతో గుమ్మంలో నిలబడింది.

"ఈ గంపకు తాడెందుకు టీచర్? నాకు మొయ్యనే రాలేదు."

"విప్పెయ్."

"బిగిసిపోయింది. ఇది ఆ పాట్టిది కదా, మంసాపురం మునియమ్మాళ్‌ది. పోయిన ఆదివారం చనిపోయె. పని పోయినంక సరిగ్గా తిననే లేదంట."

యువశ్రీ చేతిలో కెమెరా వైరు ఒక్క క్షణం ఆగింది.

"అయ్యో," అన్నది. "సరి, గంపను ఆ మూలన పెట్టు. క్లాసుకు టైమాయె."

ఆ రోజు శబ్దం శుభ్రంగా వచ్చింది. అటువైపు కిటికీ వెనక వాన పడుతోంది.

తంగమ్మాళ్ పాట్టి తెరకు ముఖం ఆనించి వెతికింది.

"ఎవరు తల్లీ, వచ్చినోళ్ళు?"

"ఎవరూ దొరకలేదు పాట్టి."

"ఒక్కరూ?"

"ఒక్కరూ."

ఆమె తెరకు ఆనించిన ముఖాన్ని వెనక్కి తీసుకున్నది.

"మా తోటలో కూలోళ్ళ లైన్ ఇండ్లలో సగం తెలుగోళ్ళే ఉండిరి," అన్నది. "నా జోడీగా ఆకు గిల్లిన పిల్లలంతా వాళ్ళే. వాన పడతాంటే తెలుగులో పాడేవాళ్ళు. అందరూ ఓడెక్కిరి."

యువశ్రీ తల ఎత్తింది.

"తెలుగోళ్ళా పాట్టి?"

"అవును తల్లీ. ఇప్పుడు ఆకు వేసుకోను సంచులొచ్చినాయి. అప్పట్లో మేమంతా ఎట్లా మోసేవాళ్ళమో మీ బిడ్డలకు చూపిస్తా, ఉండు."

తంగమ్మాళ్ పాట్టి పాత గంప ఒకటి తెప్పించుకున్నది. దాని తాడును నడినెత్తిన వేసుకొని, గంపను వీపుకు వదిలి, మెల్లగా వెనక్కి తిరిగి నిలబడింది.

తొమ్మిదో తరగతి పిల్లలు ఒక్కరూ నవ్వలేదు. తెరను వదిలి, మూలనున్న మునియమ్మాళ్ గంపవైపు తిరిగినారు.