పైకి లాగే పందెం

"ఆ గున్న ఏనుగుని నేను ఈడ్వలేను. నాకు ఇది చాలు," అంటూ ఆవిడ చిన్న రబ్బరు పడవ మీద చెయ్యి వేసింది.

"అది స్నానాల తొట్టి. పడవంటే ఇదీ!" అని ఆవిడ భర్త పెద్దదాన్ని చరిచాడు.

దుకాణదారుడు ఇద్దరి మధ్యా నిలబడి చేతులు నలుపుకున్నాడు. ఇలాంటి జంటల్ని ఆయన చాలానే చూశాడు. తెరచాప పడవ కొనేటప్పుడు చిలకా గోరింకల్లా ఉంటారు. తీరా దాన్ని నడినీళ్లలో లంగరు వేశాక, అక్కణ్ణించి ఒడ్డుకి రావడానికి గాలి నింపే చిన్న పడవ ఒకటి కావాలి. దాని దగ్గరికొచ్చేసరికి పామూ ముంగిసా అయిపోతారు.

భర్తని అందరూ కెప్టెన్ అంటారు. ఆ పేరు ఆయనకి ఆయనే పెట్టుకున్నాడు.

"సార్ చూపించినదానికి అడుగు గట్టిది. మోటారు తగిలిస్తే దూసుకుపోతుంది. అమ్మగారు చూపించింది తేలిక. గాలి తీసి చుట్టేసి సంచీలో పెట్టుకోవచ్చు," అన్నాడు దుకాణదారుడు, ఎవరినీ నొప్పించకుండా.

"విన్నావా? సంచీలో పట్టేదాన్ని పడవంటారా ఎవరైనా?"

"ఆ మోటారు ఎత్తేదీ మీరే, నడిపేదీ మీరే. మీ కునుకైపోయి, మీ పేపరు చదవడమైపోయి, మీకు బుద్ధి పుట్టినప్పుడు నేను ఒడ్డు మొహం చూడాలి. ఎనిమిదేళ్లు చూశాను. ఇక నావల్ల కాదు. నా పడవ నేనే దింపుకుని, నా తెడ్లు నేనే వేసుకుని, నాకెప్పుడు వెళ్లాలనిపిస్తే అప్పుడు వెళ్తాను."

దుకాణదారుడి మనసు ఆవిడ వైపే మొగ్గింది. పైకి మాత్రం గోడ మీద పిల్లిలాగే ఉన్నాడు.

కెప్టెన్ తురుపుముక్క తీశాడు.

"పోయిన నెల నేను నీళ్లలో పడితే ఏం చేశావ్? చూడండి సార్, ఎనిమిదేళ్లుగా అతుకులేసుకుంటూ వాడుతున్న మా పాత పడవ లేదూ, దాని అంచు పట్టుకుని ఇరవై నిమిషాలు వేలాడాను. లైఫ్ జాకెట్ ఉంది కాబట్టి సరిపోయింది. ఈవిడ నన్ను పైకి లాగలేకపోయింది. పక్క పడవాయన తాడు విసిరి లాక్కున్నాడు. అప్పుడే లాగలేనిది, ఈ పిట్టగూట్లోకి లాగుతుందట!"

ఆవిడ చిన్న పడవ అంచుని అరచేత్తో తట్టింది.

"అయితే పందెం," అంది. "మీరు నీళ్లలో దిగండి. మిమ్మల్ని ఈ పిట్టగూట్లోకే లాగుతాను. లాగితే ఇది కొందాం. లాగలేకపోతే మీ ఏనుగునే తోలుకుపోండి, నేను నోరెత్తితే ఒట్టు."

కెప్టెన్ మొహం చాటంతయింది. "సార్, మీరే సాక్షి! ముందు నా పడవతో మొదలుపెట్టాలి. దీంట్లోకే లాగలేకపోతే ఇక ఆ గూట్లోకేం లాగుతుంది!"

కొట్టు వెనకే జెట్టీ. రెండు పడవలూ దింపారు. అక్కడ పడవలకి రంగులేస్తున్నవాళ్లు బ్రష్షులు పక్కన పడేసి వచ్చి వరసగా నిలబడ్డారు. లైఫ్ జాకెట్ బిగించుకుని కెప్టెన్ దబ్బున దూకాడు. నూరు కిలోల మనిషి. జెట్టీ మీదున్న వాళ్లందరి కాళ్లూ తడిశాయి.

పెద్ద పడవ అంచు ఎత్తుగా ఉంది. ఆవిడ మోకాళ్ల మీద కూర్చుంటే అది రొమ్ముదాకా వచ్చింది. ఎంత వంగినా ఆయన భుజాలు సరిగ్గా అందలేదు. చొక్కా కాలరు మాత్రం చిరిగింది.

"చూశారా!" అన్నాడు కెప్టెన్ నీళ్లలోంచే, తన పడవే ఓడిపోయిందన్న సంగతి తట్టక.

చిన్న పడవ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ తీరే మారిపోయింది. ఆయన్ని వీపు పడవకి ఆనేలా తిప్పింది. జాకెట్ భుజం పట్టీలు రెండూ ఒడిసిపట్టుకుంది.

"ఊపిరి బిగపట్టండి," అని ఆయన్ని ఒక్కసారి కిందికి ముంచింది. జాకెట్ ఆయన్ని ఎగదన్నింది. మళ్లీ ముంచింది. ఈసారి ఆయన పైకి లేస్తుండగా తన బరువంతా వేసి వెనక్కి పడింది. అంతే! కెప్టెన్ అంచు మీదుగా జారి, పెద్ద చేపలా వచ్చి ఆవిడ ఒళ్లో పడ్డాడు.

జెట్టీ అంతా చప్పట్లు. రంగులేసేవాళ్లలో ఒకడు ఈల కూడా వేశాడు. దుకాణదారుడు పందెం తనే గెలిచినంత సంబరపడిపోయాడు. కెప్టెన్ కాసేపు ఆకాశం కేసి చూస్తూ పడుకుని, తర్వాత తనూ నవ్వేశాడు.

"మా ఆవిడండీ!" అని కనబడ్డ ప్రతివాడికీ చెప్పుకుంటూ బట్టలు మార్చుకోవడానికి లోపలికి వెళ్లాడు.

పడవని చుట్టి సంచీలో పెట్టారు. ఆవిడ ఎవరినీ సాయం అడగకుండా దాన్ని భుజాన వేసుకుని, కొట్టులోని అద్దంలో తనని తాను ఒకసారి చూసుకుంది.

"ఈ కిటుకు ఎప్పుడు నేర్చుకున్నారమ్మా?" అన్నాడు దుకాణదారుడు.

"మూడేళ్లయింది. ఈత నేర్పే ఆవిడ దగ్గర."

దుకాణదారుడికి ఏదో పొసగలేదు. "మరి సార్ పడింది పోయిన నెలే కదా?"

ఆవిడ లోపలి గది తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది.

"పది నిమిషాలు వేలాడాక కొత్త పడవ కొంటానన్నారు. అది నాకు నచ్చినదే కొంటానని కూడా అనేసేవారే, ఈలోగా ఆ పాపిష్టివాడెవడో తాడు విసిరేశాడండీ!"