తొమ్మిది నిమిషాల వెనక

ఏప్రిల్ పదకొండు. ఆ ఉదయం ఇంజనీరు తిన్నది రెండు బిస్కెట్లు, అవీ మెట్లెక్కుతూనే. ఎనిమిదీ పదికి ఆజ్ఞ పంపే మీట నొక్కాడు. ఎనిమిదీ పంతొమ్మిదికి పక్క కుర్చీలోని ఆపరేటరు ఆయన ముందున్న కాగితం చూసింది. ఆమె చేతిలోంచి పెన్ను జారిపోయింది.

“మాస్టారూ, ఇది రేపటి కాగితం.”

“రేపటిదేంటి?”

“రేపు పెద్దోడికి పంపాల్సింది. ఇవాళ చిన్నోడికి కెమెరా వెచ్చబెట్టుకోమని కదా చెప్పాలి! మీరేం పంపారు?”

ఇంజనీరు కాగితాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. శాశ్వత నిద్ర. రేడియో ఆపెయ్, చెవులు మూసుకో, ఇక ఎవరు పిలిచినా లేవకు.

పెద్దోడు, చిన్నోడు ఆ కేంద్రం నుంచి వెళ్లిన రెండు అంతరిక్ష నౌకలు. పెద్దోడు ముసలివాడైపోయాడు, వాడి పని అయిపోయింది. చిన్నోడు మాత్రం తొమ్మిదేళ్లు ఎగిరి, ఇంకో పన్నెండు రోజుల్లో ఒక మంచు లోకాన్ని దగ్గర్నుంచి చూడబోతున్నాడు. ఇన్నాళ్లూ అది ఎవరికీ చుక్కలా తప్ప కనపడలేదు.

“రద్దు పంపమ్మా, త్వరగా!”

“పంపేశాను.” ఆమెకు కోపం వచ్చింది. “కడుపు ఖాళీగా ఉంటే మీ చేతికి ఇంత తొందర. మేడం ఉండుంటే టిఫిన్ తిననిదే మిమ్మల్ని ఈ కుర్చీలో కూర్చోనిచ్చేవారా?”

ఆయన డైరెక్టర్‌కి ఫోను చేశాడు.

డైరెక్టర్ చొక్కా గుండీలు పెట్టుకుంటూనే పరుగెత్తుకొచ్చాడు.

“రద్దు పంపారుగా! మరెందుకలా మొహాలు వేలాడేశారు?”

“అది మొదటిదానికి తొమ్మిది నిమిషాల వెనక వెళ్తోంది సార్,” అన్నాడు ఇంజనీరు.

“అందుకుంటుందిలే.”

“రెండూ రేడియో తరంగాలే. రెండింటిదీ కాంతి వేగమే. ఎంత దూరం పోయినా ఆ తొమ్మిది నిమిషాల ఎడం తొమ్మిది నిమిషాలుగానే ఉంటుంది. రెండోది చేరేసరికి వాడు చెవులు మూసేసుకుని ఉంటాడు.”

“అయితే అంతకంటే వేగంగా పోయేదేదైనా పంపండి!”

“అలాంటిది లేదు సార్.”

“లేదంటే ఎలాగయ్యా? ఏవో కణాలు కాంతిని దాటేశాయని ఆమధ్య పేపర్లో వేశారుగా?”

“కొలతలో తప్పని తర్వాత వేశారు. లోపలి పేజీలో,” అంది ఆపరేటరు.

“మనోవేగం అంటారు కదమ్మా!”

“నా మనసు ఎప్పుడో వెళ్లి చూసొచ్చింది సార్,” అన్నాడు ఇంజనీరు తలెత్తకుండా. “దాని చేతికి ఏమిచ్చినా పట్టుకెళ్లదు.”

డైరెక్టర్ ఈ గోడ నుంచి ఆ గోడకు నాలుగుసార్లు తిరిగాడు. “అసలు ఇలాంటి ఆజ్ఞకు ఓ అడ్డు పెట్టొద్దా? నౌక లోపలి ప్రోగ్రాం రాసిన మహానుభావులెవరు?”

“మా ఆవిడ,” అన్నాడు ఇంజనీరు.

డైరెక్టర్ నాలిక కరుచుకున్నాడు. ఆవిడ పోయి రెండేళ్లయింది. ఆపరేటరు వివరాల పుస్తకం తెరిచి వేలు పెట్టి చూపించింది. అందులో ఈ ఆజ్ఞ ఎదురుగా ఒక్క ముక్కే ఉంది: అందిన వెంటనే అమలు.

చిన్నోడి దగ్గరికి కాంతి వెళ్లడానికి నాలుగ్గంటల ఇరవై నిమిషాలు. తిరిగి రావడానికీ అంతే. పన్నెండున్నరకు ఆజ్ఞ అక్కడికి చేరుతుంది. అక్కడ ఏం జరిగిందో ఇక్కడ తెలిసేది సాయంత్రం నాలుగూ యాభైకి. అప్పటిదాకా కిటికీ నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి మంచినీళ్ల దగ్గరికి ఇంజనీరు తిరుగుతూనే ఉన్నాడు. గ్లాసు నింపేవాడు, తాగడం మర్చిపోయేవాడు. భోజనం డబ్బా మూత తియ్యలేదు. ఒకసారి వెనక్కి వచ్చేసరికి ఆయన బల్ల మీది గడియారాన్ని ఎవరో గోడవైపు తిప్పి పెట్టారు.

తెరమీద చిన్నోడి గొంతు ఓ సన్నటి పచ్చగీత. మూడైనా అది కదులుతూనే ఉంది.

“బాగానే ఉన్నాడు కదండీ,” అంది ఆపరేటరు.

“వాడు పదీ నలభై నాటివాడు తల్లీ. ఇప్పటివాడు ఎలా ఉన్నాడో!”

నాలుగూ నలభై తొమ్మిది. ముగ్గురూ నిలబడ్డారు. నాలుగూ యాభైకి గీత ఆగిపోవాలి. నాలుగూ యాభై ఒకటి. గీత ఉంది. యాభై రెండు. ఉంది. దాని కింద అక్షరాలు ఒక్కొక్కటే రావడం మొదలైంది.

ఆపరేటరు పైకి చదివింది. “ఆజ్ఞ అందింది. అమలు చేయలేదు.”

డైరెక్టర్ దొరికిన కుర్చీలో కూలబడ్డాడు. “ఎలాగమ్మా? ఆ ఆజ్ఞని దాటి ముందుకెళ్లిందేమిటి?”

ఆమె తర్వాతి వరుసలు మనసులోనే చదువుకుంది. కళ్లు తుడుచుకుంది.

“ఏదీ దాటలేదు సార్. ఇది తొమ్మిదేళ్ల ముందే బయల్దేరింది. పదండి, మిగతాది మాస్టారు చదువుకుంటారు.”

ఐదింటికి చిన్నోడు ఆకాశం అంచు దిగిపోతాడు. ఆ తర్వాత తెల్లారేదాకా ఆ గదిలో ఎవరికీ పనుండదు. ఆమె భోజనం డబ్బా మూత తీసి ఇంజనీరు ముందుకు జరిపింది. డైరెక్టర్‌ని బయటికి నడిపించి, తలుపు చప్పుడు కాకుండా మూసింది.

ఇంజనీరు కళ్లజోడు సరిచేసుకుని తెర చూశాడు.

“ఇంత పెద్ద మాట అనేముందు ఏమైనా తిన్నారా? తినేసి రండి. అప్పటికీ ఇదే మాటైతే రెండోసారి పంపండి, నిద్రపోతాను.”