మహిపాల్ సారు ఫ్యాను

“మహిపాల్ సార్ ఫ్లాటు ఇదే కదమ్మా? కింద కరెంటు మీటరు మీద పేరు చూసి వచ్చిన. బాత్‌రూంల ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టాల్నంట.”

యాదయ్య చేతిలో ఫ్యాను డబ్బా, భుజాన డ్రిల్లింగ్ మిషను సంచి. తలుపు తీసిన ఫరీదా ఒక్క క్షణం ఆ డబ్బా వైపే చూసింది.

“ఔనన్నా, ఆయన ఫ్లాటే. జల్ది లోపటికి రా.”

వనపర్తిలోని ఆ ఫ్లాటు మహిపాల్‌ది. అద్దె కట్టేది ఫరీదా. హాయిగా కాపురం చేసేది బూజు. బాత్‌రూముకు కిటికీ లేదు, గాలి వచ్చే కిటుకూ లేదు. గోడకు నల్ల బూజు, ఆ నల్ల బూజుకు తెల్ల బూజు. బకెట్టు పట్టుకుంటే జిగట, మగ్గు ఎత్తితే జెర్రి. సబ్బుకు కూడా నూగు మొలిచింది. ఆ ముక్కిన కంపు తువ్వాలుకు పట్టి, తువ్వాలు నుంచి ఒంటికి పట్టి, చివరికి పళ్లెంలో అన్నానికీ పట్టింది. ముద్ద నోటిదాకా వచ్చి వెనక్కి పోయేది.

అసలే ఫరీదాకు దమ్ము జబ్బు. దమ్మున్నవాళ్లే దూరాల్సిన ఆ గదిలోకి ఈ దమ్ము మనిషి రోజూ దూరి, దగ్గుకుంటూ బయటపడేది. గాలి మారకుంటే మందులు దండగని దవాఖానలో చెప్పేశారు. పధ్నాలుగు నెలలుగా మొత్తుకుంటున్నా మహిపాల్ దగ్గర గాలి మాటలే తప్ప గాలి రాలేదు. అద్దె కోసం మెట్లు దిగి వచ్చేవాడు. గోడ చూడమంటే ముక్కు మూసుకుని మెట్లెక్కేవాడు.

యాదయ్య బాత్‌రూములో పెట్టిన కాలు పెట్టినట్టే వెనక్కి తీసుకున్నాడు.

“థూ! ఏందమ్మా గిది? బాత్‌రూమా, పీనుగులు పెట్టే బొందలగడ్డనా?”

“అందుకే కదన్నా, నిన్ను అల్లా పంపిండు.”

“అల్లా కాదమ్మా, సార్ పంపిండు. జర చాయ్ తాగి షురూ చేస్త.”

“ముందు గోడ కొట్టన్నా. చాయ్ తర్వాత, రెండు కప్పులిస్త.”

గోడకు బొక్క పడిందో లేదో యాదయ్య ఫోను మోగింది. చేతుల నిండా సిమెంటు. స్పీకరు నొక్కమంటే ఫరీదా నొక్కింది.

“యాదయ్యా, నేను గద్వాలల ఉన్న. పని షురూ అయిందా?” మహిపాల్ గొంతు.

“బొక్క గూడ కొట్టిన సార్. మేడం నెత్తిమీద నిలబడి చేయిస్తున్నది.”

“ఏమంటుంది?”

“ఒకటే తొందర సార్. చాయ్ గూడ తాగనిస్తలేదు.”

“ఆమె గంతే! ఎదురు మాట్లాడకు, చెప్పినట్టు చెయ్,” అని నవ్వి పెట్టేశాడు.

ఫరీదా చున్నీతో మొహం తుడుచుకుంది. “ఇంకెంతసేపన్నా?”

“గంటల అయిపోతది. గింత పరేషానేందమ్మా? పెట్టిన ఫ్యాన్‌ను ఎవరన్న పీక్కపోతరా?”

“ఎవరూ పీకలేనట్టే పెట్టు. నాలుగు దిక్కులా సిమెంటు గట్టిగ దట్టించు.”

మధ్యాహ్నానికి ఫ్యాను గిర్రున తిరిగింది. పధ్నాలుగు నెలల కంపు తోక ముడుచుకుని బయటికి పోయింది. ఫరీదా గుండెల నిండా గాలి పీల్చింది. దగ్గు రాలేదు. మళ్లీ పీల్చింది. అప్పుడూ రాలేదు. యాదయ్యకు రెండు కప్పుల చాయ్ పోసి, గుమ్మం దాకా సాగనంపి, గడియ పెట్టుకుంది.

ఆ ఫ్యాను పై అంతస్తులో మహిపాల్ భార్యతో ఉండే ఇంటికని ఆమెకు తలుపు తీసినప్పుడే తెలుసు.