గడపకు అడ్డంగా

"హేమా, పక్కకు జరుగు. నేను లోపలికి పోవల్ల."

హేమలత జరగలేదు. కొంగు రెండు చేతులకూ చుట్టుకుని గర్భగుడి గడపకు అడ్డంగా నిలబడింది. ఎదురుగా సింధూరం భరిణెతో చౌడేశ్వరి. చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్న స్నేహితురాలు, మొన్న ఓట్లలో గెలిచిన కొత్త సర్పంచి. వెనక సగం ఊరు చూస్తోంది.

కొత్తచెరువు అవతలి ఆ పల్లెలో సర్పంచిగా ఎవరు గెలిచినా ముందు ఆంజనేయస్వామి పాదాలకు తన చేత్తో సింధూరం పెట్టాలి, తర్వాతే కుర్చీ ఎక్కాలి. మగవాళ్ళు గెలిచినన్నాళ్ళు ఆ ఆనవాయితీకి ఏ ఇబ్బందీ రాలేదు. రెండువేల ఒకటిలో సీటు ఆడవాళ్ళకు రిజర్వయ్యేసరికి వచ్చింది తంటా.

"నీ మొగుడు రంగన్నను పంపమ్మా, సరిపోతాది," అన్నాడు ధర్మకర్త శేషయ్య.

"ఓట్లు నాకు పడినాయన్నా, ఆయప్పకు కాదు."

శేషయ్య జనం వైపు తిరిగాడు. జనంలోంచి ఎవరో, "ఒక్కసారికి పోనీలేప్పా," అన్నారు. నలుగురు తలూపారు. శేషయ్య మెత్తబడుతున్నాడని హేమలతకు అర్థమైంది.

"ఆడమనిషి చేయి స్వామికి తగిలితే పూజారిని మార్చాలని మీరే గదన్నా తీర్మానం రాసినారు?" అంది. "మా నాయన పూజారితనం పోతాది. ఇల్లూ మాన్యమూ పోతాయి. మేం యాడికి పోవల్ల?"

లోపల పూజారి హనుమంతప్ప పలకలేదు. మూడు నెలలుగా ఆయనది మౌనవ్రతం. కుడిచేయి ఉత్తరీయం కింద పెట్టుకుని, గోడకు ఆనుకుని కూర్చుని ఎడమచేత్తో గంట వాయిస్తున్నాడు.

"నువ్వూ ఆడదానివే గదా హేమా," అంది చౌడేశ్వరి.

"అవును. అందుకే బతిమాలుతాండా."

చౌడేశ్వరి భరిణె గడప మీద పెట్టింది.

"మీ నాయనతోనే పెట్టించు. నీ కోసం వెనక్కి పోతాండా, ఈ శేషయ్యన్న కోసం కాదు," అని మెట్లు దిగిపోయింది. ఆ మాటకు హేమలతకు ఏడుపు వచ్చినంత పనయింది.

శేషయ్య గండం గడిచినట్టు నిట్టూర్చి లోపలికి తొంగిచూశాడు. సింధూరంలో స్వామి వెలిగిపోతున్నాడు. కనుబొమల గీత కూడా ఎక్కడా చెదరలేదు.

"వ్రతం పట్టినప్పటినుంచి మీ నాయన చేతికి కళ వచ్చిందమ్మా. ఆడగాలి సోకని గుడంటే ఇట్లుండల్ల," అని లెంపలు వేసుకుని వెళ్ళాడు.

జనం ఒక్కొక్కరే కదిలారు. ఆవరణ ఖాళీ అయ్యాక హేమలత వంగి, భరిణె అందుకోవడానికి చేతుల మీది కొంగు విప్పింది.

తెల్లవారుజామున స్వామికి పూసిన సింధూరం ఆమె వేళ్ళను ఇంకా వదల్లేదు.