నూటికి నూరు తెచ్చుకున్న దొంగ

తన్మయి దొంగ అని కరుణాకర్ తేల్చేశాడు. ఎలా దొంగతనం చేస్తోందో మాత్రం ఆ మహామేధావికి అంతుపట్టలేదు.

అశోక్ నగర్‌లో ఆయనది జర్మన్ నేర్పే సెంటర్. నిన్నమొన్నటిదాకా అదే హాల్లో గ్రూప్స్ కోచింగ్ నడిపాడు. నోటిఫికేషన్లు రాక పిల్లలు తగ్గేసరికి, జర్మనీ వెళ్లాలనుకునే నర్సుల మీద పడ్డాడు. ఆయనకు జర్మన్ ముక్క రాదు. రావాలని రూలేమీ లేదు కదా! పాఠం చెప్పేది కంప్యూటర్. హెడ్‌ఫోన్‌లో ఒక వాక్యం వినిపిస్తుంది. పిల్లలు మైకులో తిరిగి పలకాలి. విన్నదానికి ఎంత దగ్గరగా పలికితే అన్ని మార్కులు. ఆ సాఫ్ట్‌వేర్ తనే తయారు చేశానని చిక్కడపల్లి నుంచి నారాయణగూడ దాకా ఫ్లెక్సీలు కట్టించాడు. కోటు వేసుకున్న ఫొటో కూడా ఆయనదే. ఆ హెడ్‌ఫోన్ ఒక్కనాడైనా చెవికి పెట్టుకున్న పాపాన పోలేదు.

అందరికీ యాభై, అరవై వచ్చే చోట, కొత్తగా చేరిన తన్మయికి ఎప్పుడు పలికినా నూటికి నూరే. మూలన కూర్చుని గుసగుసగా పలికి, ఎవరితోనూ మాట కలపకుండా వెళ్లిపోయేది.

రాంనగర్ హాస్టల్ నుంచి వచ్చే నర్సు స్వరూప ఊరుకోలేదు. "సార్, ఆమె చీటింగ్ అన్న చేస్తుండాలె, లేదంటే మీ సాఫ్ట్‌వేర్ అన్న బోగస్ అయ్యుండాలె. ఏదో ఒకటి తేల్చుండ్రి. బోగస్ అయితే మా ఫీజులు వాపస్ ఇయ్యుండ్రి."

వాపస్ అనే మాట వినగానే కరుణాకర్ లెక్క వేసుకున్నాడు. సాఫ్ట్‌వేర్ పరువు పోతే సెంటరే పోతుంది. కాబట్టి పిల్లే దొంగ కావాలి.

దొంగను ఊరికే పట్టుకుంటే ఆయన కరుణాకర్ ఎందుకవుతాడు? ఆదివారం ఫ్రీ డెమో క్లాసు పెట్టాడు. దొంగ దొరికినట్టూ ఉంటుంది, కొత్త అడ్మిషన్లూ వస్తాయి. హాలు నిండాక తన్మయిని ముందుకు పిలిచి ఫోన్ లాక్కున్నాడు. బ్యాగు తెరిపించాడు. ఏమీ దొరకలేదు.

"ఫోన్ల రికార్డ్ పెట్టి మైకుకు వినిపిస్తున్నవ్ గదా? నా సాఫ్ట్‌వేర్‌నే మోసం చేస్తవా? నాలుగేండ్ల చెమట అది! ఇప్పుడు ఫోన్ లేదు, ఏం లేదు. గీ పెద్ద మైకుల పలుకు, అందరం వింటం."

"అందరు వినేటట్టా సార్?"

"అవ్. ఏంది, ఇజ్జత్ పోతదని భయమా?"

తన్మయి మొదటి పాఠం అందుకుంది. ఈసారి గుసగుస లేదు. గొంతు విప్పి, నిదానంగా పలికింది.

పాత విద్యార్థులంతా ఒక్కసారి తలెత్తారు. స్వరూప లేచి నిలబడింది. "సార్, రోజు మా హెడ్‌ఫోన్ల పాఠం చెప్పేది గీ గొంతే!"

"అవునక్కా, ఈ సాఫ్ట్‌వేర్ తయారు చేసిన మా కంపెనీ ఆఫీసుల కూసొని ఆ పాఠాలన్ని నేనే రికార్డ్ చేసిన," అని తన్మయి కరుణాకర్ వైపు తిరిగింది. "మరి సార్, మీరు నాలుగేండ్లు చెమటోడ్చి చేసిన సాఫ్ట్‌వేర్ల నా గొంతు ఎట్ల దూరింది?"